ఎత్తకూడని ఫోను

ఇది ఒక మహాగాథ. ఇందులో రాజ్యాలు దాటిన ప్రయాణం ఉంది. దారిలో మాయమైన వీరుడున్నాడు. అతని కోసం గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలుంది. ఎంత మొత్తుకున్నా ఒకే జవాబు చెప్పే మాయలాడి ఉంది. పద్యాల్లో రాయాల్సిన కథ.

అంత లేదులెండి. వీరుడు లారీ డ్రైవరు. దాటింది ఒక రాష్ట్రం, ఇంకో రాష్ట్రంలో కొంత. మాయలాడి అంటే కంప్యూటరుకి తగిలించిన ఇంటర్‌కమ్ పెట్టె. పద్యాలు నాకు ఎలాగూ రావు. కాకపోతే ఒక రోజంతా నాకు ముద్ద దిగలేదన్నది మాత్రం నిజం.

అప్పుడు నేను కడియం దగ్గర ఒక నర్సరీ ఆఫీసులో కంప్యూటరు ఆపరేటర్ని. యజమాని మా అమ్మకి దూరపు అన్నయ్య వరస. మావయ్యా అని పిలిచేవాణ్ణి. ఆ పిలుపు వల్ల జీతం పెరగలేదు గానీ తిట్లకి చుట్టరికం కలిసేది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే డ్రైవర్ల జేబుల్లోకి దిగుతున్నాయి. రాష్ట్రం దాటితే రోమింగు. చేసిన కాల్‌కీ కోత, వచ్చిన కాల్‌కీ కోత. అందుకని మా దగ్గర ఫోను మాట్లాడటానికి కాకుండా మోగించడానికి వాడేవారు.

లెక్క ఇదీ. డ్రైవరు పొద్దున్నే ఏదో డాబా హోటలు దగ్గర లారీలో మొక్కలకి నీళ్లు కొట్టి, ఆఫీసు ఫోనుకి ఒకసారి మోగించి కోసేస్తాడు. అంటే క్షేమం, కదిలాం అని. వెంటవెంటనే రెండుసార్లు మోగిస్తే కష్టంలో ఉన్నాను, మీరే చెయ్యండి అని. మూడుసార్లయితే లోడు దిగిపోయింది. ఫోను ముందు ఒక అక్క కూర్చునేది. మోగినప్పుడు ఎత్తకుండా ఉండటమే ఆవిడ ఉద్యోగం. నంబరు చూసేది, రింగులు వినేది, "అదిగో, మీ ఆయన బానే ఉన్నాడంట" అని కవర్లలో మట్టి నింపుతున్న ఆడవాళ్లకి కేకేసేది. ఒక్క పైసా ఖర్చు లేకుండా సగం దేశం తిరిగే లారీల యోగక్షేమాలు మా వరండాలో తెలిసిపోయేవి.

ఇంత చక్కగా నడుస్తున్నదాన్ని బాగుచెయ్యాలని మావయ్యకి ఎందుకనిపించిందో చెబుతాను. ఆయన బెంగుళూరు వెళ్లి ఒక పూల కంపెనీ చూసొచ్చాడు. అక్కడ ఫోను మోగితే కంప్యూటరు తెర మీద చేసినవాడి పేరు, ఊరు, కిందటిసారి కొన్న మొక్కలు అన్నీ వచ్చేస్తాయట. ఎవరూ ఎత్తక్కర్లేకుండా మిషనే ఎత్తి మాట్లాడుతుందట. తిరిగొచ్చాక మావయ్యకి మన ఆఫీసులో ఫోను ఒట్టి ఫోనులా కనిపించడం మొదలైంది. ఇంటర్‌కమ్‌ని కంప్యూటరుకి కలపాలన్నాడు.

వద్దన్నవాళ్లు చాలామందే. ఇంటర్‌కమ్ మెకానిక్కు, "వద్దండి బాబూ, పిడుగు పడితే రెండూ ఒకేసారి పోతాయి" అన్నాడు. అక్క, "కరెంటు పోతే దానికి నోరు పడిపోదా అండీ?" అంది. నేను, తెలుగు టైపు చేస్తే తెర మీద అక్షరాలకి బదులు డబ్బాలు వస్తున్నాయని చెప్పాను. ఆఖరికి సాఫ్ట్‌వేరు అమ్మిన కుర్రాడే, "ఈ సీజనుకి రెండూ విడివిడిగా నడపండి సార్, తర్వాత కలుపుదాం" అన్నాడు. అమ్మేవాడే వద్దన్నాడంటే ఎవరైనా ఆగుతారు.

"విడివిడిగా నడపడానికి ఏంట్రా, కొత్తగా వచ్చిన తోడికోడళ్లా?" అన్నాడు మావయ్య. "కలిపెయ్."

కలిపేశాం. ఇప్పుడు తలుచుకుంటే ఒక తమాషా ఉంది. పిడుగు పడలేదు. కరెంటు పోలేదు. తెలుగు డబ్బాలు కూడా సర్దుకున్నాయి. అన్ని సలహాలూ ఇచ్చిన మాలో ఏ ఒక్కరికీ తట్టనిది ఏంటంటే, మిషను ఫోను ఎత్తేస్తుందని.

మొదటి రింగుకే ఎత్తేసేది. "నమస్కారం. మా నర్సరీకి స్వాగతం. తెలుగు కోసం ఒకటి నొక్కండి" అని హైదరాబాదులో రికార్డు చేసిన ఆడగొంతు. తర్వాత సన్నాయి. మావయ్య ఎదురింటి నుంచి పనిగట్టుకుని ఫోను చేసి మరీ విని, కళ్లు మూసుకుని తలూపాడు. అక్కని మొక్కలకి రేటు చీటీలు కట్టే పనికి పంపేశాడు. "ఇంకా నీకు ఫోనుతో పనేంటమ్మా, హాయిగా నీడపట్టున కూర్చో" అన్నాడు, ఏదో పదోన్నతి ఇస్తున్నట్టు.

మొదటి గొడవ మొగల్తూరు నుంచి వచ్చింది. కొబ్బరి మొక్కలు కొనే పెద్దమనిషి, మోగించి కోసేస్తే మేం తిరిగి చేస్తామని అలవాటు పడ్డవాడు, బస్సెక్కి మరీ వచ్చాడు తిట్టడానికి.

"ఏవండీ, మేం ఫోన్ చేస్తే ఎత్తేస్తారేంటండీ? బొత్తిగా మర్యాద లేకుండా!"

మావయ్య ఆయనకి కాఫీ ఇప్పించి, వెళ్లాక నాతో, "పిసినారిరా. కాలంతో పాటు నడవనివాళ్లు" అన్నాడు. నేను నవ్వాను. అప్పటికే మా లోడు ఒకటి మహారాష్ట్ర దారిలో ఉంది.

అది పెద్ద లోడు. అడుగున మామిడి అంట్లు, మీద గులాబీలు, క్రోటన్లు. అక్కడ దాన్ని తెప్పించుకుంటున్న తోట ఆసామికి అంతకుముందు మేం పంపిన లోడు ఎండిపోయి చేరింది. ఇదీ ఎండితే మీ ఊరి నుంచి మొక్క కొననని చెప్పి మరీ ఆర్డరిచ్చాడు. డ్రైవరు భార్య మా దగ్గరే కవర్లలో మట్టి నింపేది. లారీ కదిలేటప్పుడు ఆవిడ భర్తతో ఒక్క మాట మాట్లాడలేదు. అలవాటే. రోజూ పొద్దున్న వరండాలోంచి అక్క వేసే కేకే వాళ్ల కాపురం.

అక్క లేదు. కేక లేదు. నేను తెర ముందు కూర్చుని ఉన్నాను. మిషను అన్ని కాల్సూ ఎత్తుతోంది. సాయంత్రం రిపోర్టులో "జవాబివ్వని కాల్స్: లేవు" అని ఆకుపచ్చ అక్షరాల్లో వచ్చేది. మావయ్య దాన్ని ప్రింటు తీయించి గోడకి అంటించాడు.

రెండో రోజుకి ఒక కొత్త నంబరు తెర మీద ఎగిరెగిరి పడటం మొదలెట్టింది. ఒకటే నంబరు, మళ్లీ మళ్లీ. సాఫ్ట్‌వేరుకి ఒక తెలివి ఉంది. ఎక్కువసార్లు ఫోను చేసినవాణ్ణి గట్టిగా కొనబోయేవాడిగా లెక్కేసి, పేరు పక్కన మంట బొమ్మ వేసి "హాట్ కస్టమర్" అంటుంది. మధ్యాహ్నానికి ఈ నంబరుకి మంట బొమ్మ వచ్చేసింది. మావయ్యని పిలిచి చూపించాను.

"చూశావట్రా! బెంగుళూరులో ఇదే చెప్పారు. వెంటనే చెయ్ వాడికి."

చేశాను. ఎవరో ఆవిడ హిందీలో, ఈ నంబరుకి ప్రస్తుతం కలవదని చెప్పింది. తర్వాత ఏం చెయ్యాలని సాఫ్ట్‌వేరు అడిగితే, "వచ్చే వారం పలకరించాలి" అనే గడిలో టిక్కు పెట్టాను. ఆ టిక్కు ఇప్పటికీ నా గుండెలో ఎక్కడో గుచ్చుకుంటుంది.

మూడో రోజు తోట ఆసామి ఫోను. సన్నాయి మొత్తం విని, ఒకటీ రెండూ నొక్కి, చివరికి నన్ను చేరుకున్నాడు. హిందీలో అడిగాడు, బండి ఏదని. నిన్నే రావాలని. మావయ్య ట్రాన్స్‌పోర్టు వాళ్లకి చేస్తే డ్రైవరు నంబరు ఇచ్చారు. స్విచ్ఛాఫ్. మళ్లీ చేస్తే మళ్లీ స్విచ్ఛాఫ్.

ఆ తర్వాత మా ఆఫీసు ఆఫీసులా లేదు. మావయ్య తెలిసిన ప్రతి లారీ యజమానికీ ఫోను చేశాడు. దారిలో యాక్సిడెంటు ఏమైనా చూశారా అని అడిగి, చూడలేదంటే ఊపిరి పీల్చుకుని, పీల్చుకున్నందుకు మళ్లీ భయపడేవాడు. ఒక డ్రైవరు ఘాట్ రోడ్డులో ఏదో లారీ బోల్తా పడిందన్నాడు. రంగేంటని అడిగితే గుర్తులేదన్నాడు. మావయ్య కుర్చీలో కూలబడి మోకాళ్ల మీద మోచేతులు పెట్టుకుని నేలకేసి చూశాడు. నాకు జోకు వెయ్యాలనిపించింది. నాకు భయమేస్తే జోకులొస్తాయి. ఆ పూట ఒక్కటీ తట్టలేదు.

మావయ్య లేచి కంప్యూటరు ముందుకొచ్చి, నమ్మండి, దాని ముందు రెండు చేతులూ జోడించాడు. "ఒక్కసారి చెప్పవే తల్లీ, ఎక్కడున్నాడో" అన్నాడు. తెర మీద మంట బొమ్మ వెలుగుతూనే ఉంది.

అప్పుడొచ్చింది డ్రైవరు భార్య. చేతులకి ఎర్రమట్టి అలాగే ఉంది. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే ఆగింది.

"బాబుగారూ, మా ఆయన మోగించాడాండీ?"

మావయ్య జోడించిన చేతులు కిందకి దించాడు.

"అక్క కేకెయ్యట్లేదండి. మరి ఆవిడ లేదు కదా, అందుకేమో అనుకున్నాను. కాయిన్ బాక్సు కాడినుంచి నేనే కొట్టాను. కలవట్లేదండి."

"ఆ నంబరు స్విచ్ఛాఫేనమ్మా. మేమూ చేస్తున్నాం" అన్నాడు మావయ్య.

"కాదండి, కొత్తదానికి కొట్టాను. ఎల్లే రోజున కొత్త సిమ్ము కొన్నాడండి, పాతదానికి పైరాష్ట్రం పన్చెయ్యదని. ఆఫీసుకి మోగిస్తే నంబరు వాళ్లకే తెలిసిపోద్దిలే అన్నాడండి."

నంబరు చెప్పమన్నాను. ఎత్తుకున్న పిల్లకి అంకెలు నేర్పుతున్నట్టు ఒక్కొక్కటే చెప్పింది. నేను వెతికే గడిలో ఒక్కొక్కటే కొట్టాను. చివరి అంకె కొట్టేసరికి తెర మీద మంట బొమ్మ లేచింది.

హాట్ కస్టమర్. వచ్చే వారం పలకరించాలి.

దాని కింద కాల్స్ వరసగా ఉన్నాయి. మొదట్లో ఒక్కోటి. తర్వాత రెండేసి. తర్వాత ఇక లెక్కాపత్రం లేకుండా. ప్రతిదాని పక్కనా "విజయవంతం". అతను రెండుసార్లు మోగించి కొయ్యాలనుకున్న ప్రతిసారీ మా మిషను అంతకంటే ముందే ఎత్తి, నమస్కారం పెట్టి, రోమింగులో అతని బేలన్సు గుటుక్కున మింగింది. బేలన్సు మొత్తం అయిపోయాక కాల్స్ ఆగిపోయాయి. రోమింగులో బేలన్సు లేకపోతే వచ్చే కాల్ కూడా రాదు. మేం చేసినా అందదు, ఆవిడ చేసినా అందదు.

"ఏంటండీ, ఉన్నాడాండీ ఇందులో?" అంది ఆవిడ తెరకేసి చూస్తూ.

"కష్టంలో ఉన్నాడు" అన్నాను. "ఉన్నాడు గానీ కష్టంలో ఉన్నాడు."

మావయ్య కారు తియ్యమన్నాడు, మహారాష్ట్ర పోదామని. ఎక్కడికని అడిగితే, ముందు నిడదవోలు దాటితే తర్వాత చూసుకుందామన్నాడు. దారి తెలిసిన ఊరి దాకా ఆయన ధైర్యం వెళ్లింది. ఈలోపు రేటు చీటీల దారం చేతికి చుట్టుకునే అక్క పరిగెత్తుకొచ్చింది. కేకలు అంతదాకా వినపడ్డాయట.

"కారెందుకండీ, సెంటర్లో సెల్లు షాపుకెళ్లి ఆ నంబరుకి డబ్బులెయ్యండి ముందు. ఎక్కితే మోగుద్ది కదా!"

సైకిలు తీశాను. షాపతను ఇంకెవరికో ఫోను కవరు బేరమాడుతున్నాడు. బతిమాలుకున్నాను. ఎక్కిందని మెసేజ్ వచ్చాక అక్కడినుంచే చెయ్యొచ్చు కదా, ఆ ఆలోచన కూడా లేకుండా ఆఫీసుకి తొక్కాను. గుమ్మంలో ఆవిడ నేను వెళ్లినప్పుడు ఎక్కడ నిలబడిందో అక్కడే ఉంది.

ఆ నంబరుకి చేశాను. మోగింది. ఎత్తాడు.

"ఆయ్, ఎవరండీ?"

మావయ్య ఫోను లాక్కున్నాడు. "ఒరేయ్, ఎక్కడ చచ్చావురా!" అని ఏడ్చేశాడు. తర్వాత చాలాసేపు రెండు పక్కలా అరుపులే. గేరుబాక్సు పోయి ఘాట్ కింద ఫోను బూతు కూడా లేని ఒక ఊళ్లో ఆగిపోయాడట. బాగయ్యేది కాదట. వేరే బండి కట్టించమని, లేదా తోట ఆసామి నంబరైనా ఇమ్మని అడగడానికి మోగించాడట.

"ఎవరో ఆవిడండీ, ఒకటి నొక్కమంటాది, రెండు నొక్కమంటాది. నేను నొక్కని బటనంటూ లేదండి. ఆకరికి సన్నాయి వాయించింది. మీ అమ్మాయిగారి పెళ్లేమోనని కోసేశానండి" అన్నాడు. నీళ్ల సంగతి అడిగితే మాత్రం గొంతు తగ్గించాడు. బోరింగు దూరమట. బకెట్లతో మోశాడట. అందినన్నిటికే అందాయట.

మావయ్య ఫోను ఆవిడకిచ్చాడు. ఆవిడ రెండు చేతులతో పట్టుకుని, "అన్నం తిన్నావా?" అని ఒక్క మాట అడిగింది. అవతల ఏమన్నాడో, "సరే, డబ్బులైపోతాయి, పెట్టెయ్" అని తిరిగిచ్చేసి, చేతుల మట్టి చీరకి తుడుచుకుని పనిలోకి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే తోట ఆసామి ట్రాక్టర్లు పంపి లోడు మార్పించుకున్నాడు. క్రోటన్లు, గులాబీలు పోయాయి. మామిడి అంట్లలో అడుగువి బతికాయి. బతికినవి దించుకుని, చచ్చినవి లారీలోనే వదిలేసి, ఇక ఫోను చెయ్యలేదు. మావయ్య గోడ మీద రిపోర్టు చింపేశాడు. అక్క తన కుర్చీలోకి తిరిగొచ్చింది.

మెకానిక్కుని పిలిపించి, వైరు పీకెయ్యమన్నాడు మావయ్య. పీకక్కర్లేదన్నాడతను. సెట్టింగుల్లో "ఎన్ని రింగుల తర్వాత ఎత్తాలి" అన్న చోట ఒకటి అనే అంకె ఉంటుంది, దాన్ని చెరిపి ఎనిమిది అని కొట్టి, సేవ్ నొక్కాలి. కంప్యూటరు ఒకసారి ఆపి వెయ్యాలి.