సగిన్‌బాయ్ అద్దె డిస్కులు

కిర్గిజ్‌స్తాన్‌లోని ఓష్ బజారులో సగిన్‌బాయ్ బొటనవేలికి తీరికుండదు. దాన్ని నాలుకమీద తడిపి వీడియో డిస్కుల మరకలు తుడుస్తాడు, అదే వేలితో రొట్టె తుంచుకుంటాడు. పల్లెల ఆడవాళ్ళు సొంత కెమెరాలతో తీసి అమ్ముకునే కుట్టుపాఠాలు, ఉన్ని తివాచీల పాఠాలు ఒక్కోటి కొని, నకళ్ళు తీసి అద్దెకు తిప్పుతాడు. తీసినవాళ్ళ పేర్లు మాత్రం చెరిపేస్తాడు. మొన్న చలికాలంలో శాలువా ముక్కుదాకా కప్పుకున్న ఒకావిడ తివాచీ పాఠం డిస్కు చేతిలోకి తీసుకుని, "ఇది తీసినావిడ నిన్ను అద్దెకిచ్చుకోమందా?" అని అడిగింది.

"పరాయిదా ఏంటక్కా, మా పిన్నే! పోతూ పోతూ నా చేతిలో పెట్టింది పాపం," అంటూ సగిన్‌బాయ్ కళ్ళు కూడా ఒత్తుకున్నాడు.

ఆమె శాలువా కిందికి లాగింది. డిస్కులో పాఠం చెప్పేది ఆవిడే, పేరు బుర్మకాన్.

"ఆ పిన్నినేరా, లేచొచ్చాను. నీ పుణ్యాన నా డిస్కు కొనే దిక్కులేక కెమెరా అమ్ముకున్నాను," అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. అతని మొహంలో సిగ్గు కనిపిస్తుందేమోనని, డిస్కు అద్దెకు తీసుకోడానికొచ్చిన నేనూ చూశాను. సగిన్‌బాయ్ ఆమెకు స్టూలు జరిపి, టీ పోసి, "కెమెరా నేనిస్తాలే అక్కా, రెండో భాగం ఎప్పుడని జనం నన్ను చంపుకు తింటున్నారు," అన్నాడు.