ఆయ్ అన్న పాపానికి

మొన్నటి అసెంబ్లీ ఎన్నికలప్పుడు నేను అమలాపురంలో ఒక దినపత్రికకు విలేకరిని. రోజూ ఒక ఓటరు ఫొటో, దాని కింద ఆయన చెప్పిన మాట రెండు ముక్కలు పంపాలి. ఓటరు నాడి పట్టడమంటే మా డెస్కు దృష్టిలో అంత తేలిక.

ఆ రోజు బండారులంకలో మగ్గం నేస్తున్న ఒక పెద్దాయన దొరికారు. "ఈసారీ ఎమ్మెల్యేగారినే గెలిపిస్తారాండీ?" అని అడిగాను. చేతిలో పని ఆపకుండానే "ఆయ్" అన్నారు. మా వైపు ఆయ్ అంటే ఔననీ కావచ్చు, తమరన్నది విన్నానండీ అనీ కావచ్చు. ఎదుటివాడి మాట మొహం మీద కాదనడం మాకు మర్యాద కాదు. అవతలి అభ్యర్థి పేరెత్తినా ఆయన ఆయ్ అనే అనేవారు. ఇక్కడే పుట్టి పెరిగిన నాకు ఇది తెలియక కాదు. పేజీ అచ్చుకు వెళ్లిపోయే వేళయింది. "మళ్లీ ఆయనకే నా ఓటు" అని రాసి పంపేశాను.

మర్నాడు పొద్దున్నే ఆయన ఫోను చేసి రమ్మన్నారు. వెళ్లేసరికి మగ్గం ఆగి ఉంది. ఎదురింట్లో ఉండే ఆయన బావగారిది అవతలి పార్టీ. ముప్పయ్యేళ్లుగా పొద్దున టీ ఇద్దరూ ఈ అరుగు మీదే తాగుతారట. ఆ రోజు బావగారు వచ్చి, పేపరు అరుగు మీద పడేసి, పలకరించకుండానే వెళ్లిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"తప్పు నాదేనండీ. సవరణ వేయిస్తాను," అన్నాను.

"వద్దు బాబూ. నేనలా అన్లేదని వేస్తే రేపు ఎమ్మెల్యేగారి మనుషులొచ్చి అడుగుతారు. అందరూ మనకి కావలసినోళ్లే కదండీ. నా ఓటెవరికో ఇన్నేళ్లలో మా ఆవిడక్కూడా చెప్పలేదు. మీరు ఊరంతా చాటేసేరు. పోనీ, అదైనా సరిగ్గా వేసేరా?"

అనేశాక నాలుక కరుచుకున్నారు. బరిలో గట్టివాళ్లు ఇద్దరే. అంటే ఆయన ఓటు కూడా బావగారి పార్టీకే. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అయితే ఇంకేమండీ! ఆ మాటేదో బావగారికి చెప్పెయ్యండి. అంతటితో పోతుంది."

ఆయన ఎదురింటి తలుపు వైపు చూశారు. అది మూసే ఉంది.

"అడిగితే చెప్పేవోణ్ణే బాబూ. ఆయన నన్నడగలేదండీ. మీ పేపర్నే నమ్మేరు."