టీవీ పలక

మా ఇంటి అటక మీద, పాత రవికె గుడ్డలో చుట్టిన ప్లాస్టిక్ పలక ఒకటి ఉంది. ఒకప్పుడు తెల్లగా ఉండేది, ఇప్పుడు పసుపు తిరిగింది. దానికి వైరుతో కట్టేసిన పెన్ను ఒకటి, ఎడమ పక్కన రిమోటు పెట్టుకునే గుంత ఒకటి ఉన్నాయి. దాన్ని చూసినప్పుడల్లా నన్ను నేనే తిట్టుకుంటాను. తిట్టడం నాకు బాగానే వచ్చు. మా అత్త దగ్గర నేర్చుకున్న విద్య అది.

అప్పట్లో మా ఆయన బెంగుళూరులో ఒకరింట్లో కారు డ్రైవరు. తమ పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఇక ఎవరూ ఆడరని చెప్పి, ఆ ఇంటివాళ్లు ఒక అట్టపెట్టె ఇతని చేతిలో పెట్టారు. టీవీకి తగిలించి ఆడుకునే గేముల డబ్బా, దాని రిమోటు, ఈ పలక అందులో ఉన్నాయి. నాగలమడికలో బస్సు దిగి, పెట్టె నెత్తిన పెట్టుకుని మా ఊరికి వచ్చాడు. చీరలేమో అనుకుని నేను ఎదురుపోయాను.

"పిల్లలు లేని ఇంట్లోకి ఆటసామాను తెచ్చినాడు సూడు నా కొడుకు," అంది అత్త. నాకు పిల్లలు లేరు. ఆ మాటను రోజుకు ఒక్కసారైనా ఏదో ఒక సందున దూర్చకపోతే ఆమెకు తిన్నది అరిగేది కాదు. ఆ రోజుకు ఆ పని అలా అయింది.

మా ఆయన రెండు రోజులుండి వెళ్లిపోయాడు. పెట్టెలోని సామానును టీవీకి ఎలా తగిలించాలో అత్తకూ నాకూ తెలియదు. సంతకు పోయేటప్పుడు దాన్ని కూడా వై.ఎన్.హొసకోటకు మోసుకుపోయి, టీవీలు బాగుచేసే మెకానిక్కు ముందు పెట్టాం. నెరిసిన తల మనిషి, కళ్లద్దాలు ఎప్పుడూ ముక్కు కొసనే ఉంటాయి. పలకను తిప్పి తిప్పి చూశాడు. ఫోనులో ఏదో చదివి నవ్వాడు.

"అక్కా, ఈ పలక చేసిన కంపెనీనే లేదంట ఇప్పుడు. మూసేసినారంట."

"ఏం రోగమొచ్చెనప్పా దానికి?" అని అత్త అడిగింది.

"మొదట ఒక్క రకం డబ్బాకే ఈ పలక చేసినారంట. పిల్లోళ్లు ఎగబడి కొన్నారంట. అది సూసి ఆశపడి, మిగతా రకాల డబ్బాలకు కూడా గుట్టలు గుట్టలు చేసినారంట. ఎవురూ కొనలే. సరుకంతా గోడౌన్లోనే పడుండి కంపెనీ మునిగిపాయ."

"ఒక ఏడు శెనక్కాయ బాగా పలికిందని మరుసటేడు ఊరంతా శెనక్కాయే ఇత్తినట్ల," అంది అత్త. తర్వాత, "పాపం, ఎంతమంది నోట్లో మన్ను పడిందో," అని నిట్టూర్చింది. ఇంట్లో ఉన్న నాకు ఎన్నడూ దొరకని జాలి, ముఖమైనా చూడని ఆ కంపెనీ వాళ్లకు దొరికింది.

మెకానిక్కు ఎర్ర, తెల్ల, పసుపు వైర్లు ఏది ఎక్కడ గుచ్చాలో నాకు చూపించాడు. చివర్న, "డబ్బా పోతే పాతది ఇంకోటి యాడైనా దొరుకుతాది. పలక పోతే మాత్రం మళ్లీ దొరకదు. దాన్ని జాగ్రత్తగా పెట్టుకోండక్కా," అని చెప్పాడు. ఆ మాటను మేమిద్దరం కొంగున ముడేసుకున్నాం. మా కొంప ముంచింది ఆ మాటే. ఆయన తప్పేమీ లేదు. ఆయన చెప్పింది ఒకటి, మేము అర్థం చేసుకున్నది ఇంకొకటి.

ఆ పలకతో ఒక చిక్కు ఉంది. పెన్నుతో దాని మీద గీస్తే దాని మీద ఏమీ పడదు. గీత టీవీలో పడుతుంది. నేను పలకను చూస్తూ గీస్తే టీవీలో గీత ఎటో పోయేది. టీవీని చూస్తూ గీస్తే చెయ్యి తప్పేది. నాలుగు రోజులు కుస్తీపట్టి వదిలేశాను. అత్త కూడా మొదట, "ఏం పడలే గద మే దీనిమింద," అని పలకను కొంగుతో తుడిచింది. తర్వాత తలెత్తి టీవీని చూసింది. అంతే, ఆ చూపు మళ్లీ కిందికి దిగలేదు. ఒక సున్నా చుట్టింది, దాని పక్కన ఇంకొకటి చుట్టింది, రెండూ అచ్చు గుద్దినట్టు ఒకేలా వచ్చాయి.

గొర్రెల వెనక తిరిగి పెరిగిన మనిషి ఆమె. ఇప్పుడు సేద్యం వాళ్లమే గానీ ఆమె చిన్నప్పుడు ఇంటికి మంద ఉండేది. మందను కాస్తూ, నడుస్తూనే కదురుతో ఉన్ని వడికేది. కళ్లు గొర్రెల మీద ఉండాలి, వేళ్లు దారం మీద ఉండాలి. చేతుల్ని చూసుకుంటూ వడికితే గొర్రె పోయి ఎవరి చేలోనో పడుతుంది. ఆ అలవాటు ఇన్నేళ్లకు టీవీ ముందు పనికొచ్చింది.

"నీ కండ్లు నీ సేతుల్లోనే ఉండాయి మే. అందుకే రాదు నీకు," అంది. ఆమె తిట్టినా నాకు కోపం రాకపోవడం అదే మొదటిసారి.

మా చేనును సోలారు వాళ్లకు కౌలుకు ఇచ్చింది ఆ ఎండాకాలమే. వానలు రావు, వేసిన శెనక్కాయ చేతికి రాదు, ఊళ్లో చాలామంది ఇచ్చారు, మేమూ ఇచ్చాం. ఇక తన ఊపిరి ఉండగా ఆ మన్ను దున్నేది లేదని తెలిసే అత్త వేలిముద్ర వేసింది. యంత్రాలు వచ్చి గెనిమలను, అంటే చేను గట్లను, చదును చేశాయి. గుండ్లను, అంటే బండరాళ్లను, దొర్లించాయి. అందరి చేలనూ కలిపి చుట్టూ ఒకటే కంచె వచ్చింది, లోపల ఇనుప కాళ్ల మీద నల్లటి ప్లేట్లు వరసలు వరసలుగా లేచాయి. మా చేలో పుట్టే కరెంటు ఏ ఊళ్లకు పోతుందో గానీ, మధ్యాహ్నమైతే మా ఇంట్లో మాత్రం ఉండేది కాదు.

ఉన్నప్పుడల్లా అత్త టీవీ ముందు కూర్చునేది. ఆమె గీసిన బొమ్మ ఒక్కటే, మా చేను. దాన్ని ముగ్గు వేసినట్టు వేసింది. ముందు చుక్కలు పెట్టింది. ఒక్కో చుక్క ఒక్కో గుర్తు. దారి పక్కన నీళ్లు పారే మోరీ, కానుగ చెట్టు, పెద్ద గుండు, పూడిపోయిన బావి. తర్వాత వాటి మధ్య గెనిమలను గీతలుగా లాగింది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎన్ని అడుగులో నోట్లో లెక్కపెట్టుకుంటూ అంత దూరం పెన్ను జరిపేది. తప్పయితే చెరిపి మళ్లీ మోరీ దగ్గర్నుంచి నడిచేది. ఇలా వారాలు పట్టింది.

లేచేముందు ప్రతిసారీ, "పలకలో దాచినావా మే?" అని అడిగేది. బొమ్మను దాచే గుర్తు ఏదో మెకానిక్కు నాకు నేర్పాడు. దాన్ని నొక్కి, "దాచినా అత్తా," అనేదాన్ని. మరుసటి రోజు పెడితే బొమ్మ మళ్లీ టీవీలో కనిపించేది. పలక మీద గీసింది పలకలో కాక ఇంకెక్కడ ఉంటుంది? అ ఆలు దిద్దిన నాటి నుంచి నాకు తెలిసిన పలక అదే. ఇంకోలా ఆలోచించాలని నాకు తోచనే లేదు.

బొమ్మ పూర్తయిన రోజు చూస్తే, పడమటి మూల ఒక చుక్క ఏ గీతా తగలకుండా విడిగా ఉంది. నా ముగ్గులో చుక్క విడిచిపెడితే ఆమె ఎంత రాద్ధాంతం చేసేదో నాకు తెలుసు. నాకూ ఒక రోజు వచ్చిందని సంబరపడ్డాను.

"ఒక సుక్క మిగిలిపాయ అత్తా."

"మిగల్నీలే."

"ముగ్గు తప్పు గదా అట్లయితే?"

ఆమె టీవీ మీంచి చూపు తిప్పకుండానే చెప్పింది. మొదటి కాన్పులో ఆడపిల్ల పుట్టిందట. పదకొండు రోజులు బతికిందట. ఆ మూలలో పూడ్చి, గుర్తుగా ఒక తెల్లరాయి పెట్టారు. ఏటా శ్రావణమాసంలో, గడ్డి కోయడానికి పోయినట్టు పోయి, ఆ రాయి మీద ఇన్ని పాలు పోసి వచ్చేది. తనకు ఒక అక్క ఉండేదని మా ఆయనకు కూడా తెలియదు.

"ఆ రాయిని యాడికి దొర్లిచ్చినారో ఏమో. కంచె బయట నిలబడి పోస్తే బిడ్డకు యాడ అందుతాయి?" అంది.

నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఆమె కోసం ఏడ్చానో నా కోసమే ఏడ్చానో చెప్పలేను. ఆ రోజు నుంచి నాకు పిల్లలు లేరన్న మాట ఆమె నోట రాలేదు.

తర్వాత ఒక రోజు కరెంటు ఉన్నట్టుండి ఎక్కువగా వచ్చి, గేముల డబ్బా వైరు మధ్యలో ఉండే ఛార్జరు కాలి వాసన కొట్టింది. డబ్బా మూగబోయింది. బాగుచేయిస్తానని మా ఆయన అన్నాడు, ఆయన అనేవన్నీ చేసే మనిషి కాదు. అత్త కూడా తొందరపెట్టలేదు. "పలకలో ఉండాది గదా, యాడికి పోతాది," అనేది. నేను పలకను రవికె గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను.

కొన్నేళ్లు గడిచాయి. ఒక ఉగాదికి ఇంటికి సున్నం కొడుతుంటే, పాత సామాను తీసుకుని ప్లాస్టిక్ బకెట్లు ఇచ్చే మనిషి వీధిలోకి వచ్చాడు. కాలిన వైరుతో సహా డబ్బాను అతని బండిలో వేశాను. ఎర్ర బకెట్టు ఇచ్చాడు. మూత కూడా ఇవ్వాల్సిందేనని గొడవపడి మరీ తీసుకున్నాను. పలకను మాత్రం ఇవ్వలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ మరుసటి ఏడాది అత్తకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దగా అయింది. అడుగుల లెక్కలన్నీ కలగాపులగమైపోయాయి. మోరీ నుంచి కానుగ చెట్టుకు ఎన్ని అడుగులని నేను అడిగితే పూటకొక లెక్క చెప్పి, తప్పని తనకే తెలిసి ఏడ్చేది. శ్రావణం దగ్గరపడుతుంటే ఒక్కటే మాట పట్టుకుంది.

"ఒక్కసారి లోపలికి పోవాల. బిడ్డకు పాలు పోయాల. పలక తీ మే. దాంట్లో ఉండాది."

సోలారు గేటు కాడ వాచ్‌మన్ మా ఊరాయనే. పైవాళ్లను బతిమాలి ఒక ఉదయం పూట లోపలికి పోయి రావడానికి ఒప్పించాడు. నేను పలక తీసుకుని హొసకోటకు పోయాను. నా అదృష్టానికి, మెకానిక్కు దగ్గర అదే రకం పాత డబ్బా ఒకటి ఉంది. తగిలించాడు. టీవీలో తెల్లటి కాగితం లాంటిది వచ్చింది. దాని మీద ఏమీ లేదు.

"మా బొమ్మ యాడ?" అన్నాను.

"పలకలో ఏముంటాదక్కా? పలక వట్టి సెయ్యి మాదిరి. గుర్తు పెట్టుకునేదంతా డబ్బానే. మీ డబ్బా యాడ?"

"అది కాలిపాయ. పాత సామానుకు ఏసేసినా."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కాలింది ఛార్జరేమో గదక్కా. అది మార్చింటే సరిపోయుండు. బొమ్మ లోపల అట్లే ఉండుంటాది."

బస్సులో పలకను ఒళ్లో పెట్టుకుని ఇంటికి వచ్చాను. వాకిట్లో ఎర్ర బకెట్టు నిండా నీళ్లున్నాయి. ఒక్క తన్ను తన్నాను. బకెట్టు పగల్లేదు, నా కాలే వాచింది. లోపల అత్త మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"కనపడిందా?"

నిజం చెప్పాలనే నోరు తెరిచాను. ఆమె ముఖం చూశాక, "కనపడింది అత్తా," అన్నాను.

వాచ్‌మన్ ఒప్పించిన ఆ ఉదయం ఆమెను ఆటోలో గేటు దాకా తీసుకుపోయాను. నా భుజం మీద వాలి లోపలికి నడిచింది. ఎటు చూసినా ఒకే ఎత్తు ప్లేట్లు, ఒకేలాంటి ఇనుప కాళ్లు. "గుండు యాడ? బావి యాడ?" అని ఆమె అటూ ఇటూ చూసింది. నేను పలకను చేతిలో పట్టుకుని దాన్నే చూస్తూ, పైకి వినపడేలా అడుగులు లెక్కపెట్టాను. నోటికి వచ్చిన లెక్క పెట్టాను. ఆమెకు ఆయాసం వస్తోందనిపించిన చోట రెండు వరసల మధ్యకు తిరిగి ఆగాను.

"ఈడే అత్తా."

ఆమె నా చెయ్యి పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుంది. ఎడమ చేత్తో చెంబు వంచి పాలు పోసింది. తడిసిన మన్నును అరచేత్తో నిమురుతూ, చంటిబిడ్డను జోకొట్టినట్టు తట్టింది. చాలాసేపు ఏడ్చింది. లేవదీసేటప్పుడు నా చేతిలోని పలకను తట్టి, "మంచి పలక," అంది.

సంక్రాంతి లోపలే ఆమె పోయింది. నేను చెప్పలేదు. చెప్పి ఉంటే నన్ను ఎంత తిట్టేదో, ఆ తిట్లు పడి ఉంటే నాకు ఎంత బాగుండేదో ఇప్పుడు అనిపిస్తుంది.

ఏటా శ్రావణంలో వాచ్‌మన్ను అడుక్కుని లోపలికి పోతాను. పాలు ఎవరికని మా ఆయన అడిగితే అత్తకని చెప్తాను. ఆ బిడ్డ ఎక్కడుందో చెప్పగలవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. అత్త ఏడ్చిన చోటు మాత్రం నాకు తెలుసు. గేటు నుంచి ఏడో వరస, నాలుగో ఇనుప కాలు. అక్కడే పోసి వస్తాను.