బాబాయి ఫోటోకి దండ వేయించిన పిన్ని

"మీ పిన్ని వెళ్ళిపోయిందమ్మా" అని మొన్న ఆదివారం బాబాయి ఫోన్ చేశాడు. నిద్రలోనే పోయిందట. చాలాసేపు నమ్మకం కలగలేదు. ఎందుకంటే మా పిన్ని పోవటం నేను చాలాసార్లు చూశాను. సినిమా హాల్లో నా పక్కనే కూర్చుని వేరుశనక్కాయలు వలిచి నా చేతిలో పెడుతూ, తెరమీద తను కన్నుమూసే ఘట్టం రాగానే "ఇదిగో, ఇప్పుడు పోతాను చూడు" అని మోచేత్తో పొడిచేది.

ఎనభైల్లో సినిమాలు చూసినవాళ్ళకి ఆమె పేరు గుర్తుండకపోవచ్చు, మొహం గుర్తుంటుంది. హీరోకి వదిన, హీరోయిన్‌కి తల్లి, ఊళ్ళో దిక్కులేని ఆడమనిషి. గుంటూరు నాటక పోటీల్లో చూసి ఎవరో మద్రాసు పిలిచారు. సత్తెనపల్లిలో తాతయ్య, నాయనమ్మలతో మేమంతా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. పురుగుమందుల కొట్టు నడిపే బాబాయి "వెళ్ళిరా, పిల్లల్ని నేను చూసుకుంటా" అన్నాడు. ఏడుపు సీన్లకు ఆమె గ్లిజరిన్ వద్దనేది. "మా మిర్చి యార్డు తలుచుకుంటే చాలండీ, కళ్ళు వాటంతటవే కారతాయి" అని సెట్లో అందర్నీ నవ్వించేదట.

చిక్కల్లా ఒక వేషంతో వచ్చింది. భర్త పోయిన ఇల్లాలి వేషం. గోడకి తగిలించటానికి ఆ భర్త ఫోటో లేదని సెట్లో అందరూ కంగారుపడుతుంటే, పిన్ని "దీనికింత హడావుడి ఎందుకండీ" అని పర్సులోంచి బాబాయి ఫోటో తీసి ఇచ్చింది. దాన్ని పెద్దది చేయించి, ఫ్రేము కట్టి, దండ వేశారు.

ఆ సినిమా మా ఊరొచ్చింది. నాయనమ్మతో సహా అందరం వెళ్ళాం. తెరమీద తెల్లచీరలో, బోసి నుదుటితో కోడలు. వెనక గోడమీద దండలో నవ్వుతూ కొడుకు. నాయనమ్మ "ఓరి నాయనో" అని లేచిపోయింది. బాబాయి ఆమె చెయ్యి పట్టుకుని "ఉన్నానే అమ్మా, ఇక్కడే ఉన్నా" అని కూర్చోబెట్టాడు. మర్నాడు కొట్టుకి పత్తి రైతులు వరసగా వచ్చారు. "ఏమయ్యా, బానే ఉన్నావా? మా ఆడోళ్ళు రాత్రి అన్నం తినలా" అంటూ ఒకాయన బాబాయి భుజం తడిమి మరీ చూసుకున్నాడు. బాబాయికి గర్వమే. "ఒక్క డైలాగు లేకుండా ఊరంతటినీ ఏడిపించా" అని చెప్పుకునేవాడు.

నాయనమ్మ మాత్రం నవ్వలేదు. "నా బిడ్డ బతికుండగా బొట్టు చెరుపుకునే యాక్షన్లు నా కొంపలో కుదరవు. ఇంకోసారి మద్రాసు మాట ఎత్తావంటే చూడు" అంది. సరిగ్గా అప్పుడే టీవీ సీరియల్‌కి పిలుపొచ్చింది. భర్త పోయాక టీచరు ఉద్యోగం చేసి పిల్లల్ని పెంచుకునే మనిషి కథ. మొదటిసారి కథంతా ఆమెదే.  ఓ రాత్రి పిన్ని నాయనమ్మ మంచం పక్కన కూర్చుని "అత్తయ్యా, ఇన్నాళ్ళూ ఇంకొకళ్ళ కథల్లో ఏడ్చాను. ఈ ఒక్కటీ నా కథ. చెయ్యనివ్వండి" అంది. ఇష్టమైన పనిని నోరు తెరిచి అడగాలని నేను ఆ రోజే నేర్చుకున్నాను.

నాయనమ్మ చాలాసేపు వక్క నమిలింది. "ఈసారి ఫోటో ఎవడిది పెడతారంట?"

"డైరెక్టరుగారిదే పెట్టుకోమంటా."

నాయనమ్మకి నవ్వాగలేదు. "సరే, పోయిరా" అంది, ఇష్టం లేకుండానే.

సీరియల్ మొదలైన సాయంత్రం మా బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు వీధి వీధంతా చేరింది. పిన్ని సిగ్గుపడుతూ ఓ మూల కూర్చుంది. తెరమీద ఆమె మొహం దగ్గరగా వచ్చింది, నుదుట బొట్టు లేకుండా. నాయనమ్మ లేచింది. "టీవీ కట్టెయ్యకే!" అని తాతయ్య అరిచాడు. పిన్ని తల వంచుకుంది. నాయనమ్మ కుంకుమ భరిణెలో వేలు అద్ది, టీవీలో ఉన్న కోడలి నుదుట బొట్టు పెట్టి, వచ్చి కూర్చుంది. "ఊఁ, ఇప్పుడు చెయ్యనీ" అంది.

తెరమీద పిన్ని పక్కకు జరిగింది. బొట్టు గాజుమీదే ఉండిపోయింది. తర్వాత వచ్చిన మామగారి చెంపకీ, బళ్ళో పిల్లల పలకలకీ, ఆఖరికి వార్తలు చదివే ఆయన ముక్కుకీ ఆ ఎర్రచుక్క తగులుతూనే ఉంది. ఎవ్వరం తుడవలేదు.