అనంతపురం రాక్షసరాజు

ఈ పరాయి దేశంలో, వన్-నార్త్ పేటలోని మా ఆఫీసులో పక్క సీటమ్మాయి భోజనాల దగ్గర అడిగింది, "అక్కా, ఎవరికీ పెద్దగా తెలియని జపాన్ ఆర్పీజీ కథల గేములు ఆడాలంటే ఏ కన్సోల్ కొనాలి?" అని. అడిగిందే తడవుగా ఉపన్యాసం మొదలుపెట్టాను. టీవీ కింద పెట్టే పెద్ద పెట్టెలో బొమ్మ బాగుంటుంది, కానీ అలాంటి గేములు సగం దానికి రావు. కంప్యూటర్‌లో చవగ్గా దొరుకుతాయి, కానీ రోజంతా దాని ముందు కూర్చున్నవాళ్లకి ఇంటికెళ్లి మళ్లీ కూర్చోబుద్ధి కాదు. చేతిలో ఇమిడేదే మేలు, అందులోనూ పాతది, అన్నాను. ఎందుకో మాత్రం చెప్పలేదు.

కొన్నేళ్ల కిందట ఈ ఊళ్లోనే టోవా పాయో పేటలో నేను అద్దెకున్న గదిలో సగం ఒక అనంతపురం అమ్మాయిది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తూ జపనీస్ నేర్చుకునేది. ఆమె దగ్గర ఒక పాత జపాన్ కన్సోల్, ఇంగ్లిష్‌లోకి రాని ఒక గేమూ ఉండేవి. సాయంత్రం తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల మాదని చోప్ చేసుకునేవాళ్లం. తిన్నాక అరచేతంత తెర మీదకి రెండు తలలూ వంచేవాళ్లం. ఆమె చదివి తెలుగులో చెప్పేది, నేను మీటలు నొక్కేదాన్ని. నాకు జపనీస్ ముక్క రాదు. అందుకని మంత్రగత్తెలూ రాకుమారులూ అందరూ ఆమె యాసలోనే మాట్లాడేవారు.

"ఏంరా, నా కోట కాడికే వస్తాండావా? నీకేమన్నా తిక్కనా?" అని రాక్షసరాజు గద్దించాడంటే నవ్వాపుకోలేక తప్పు మీట నొక్కేదాన్ని.

"గుండ్రం నొక్కు మే! ఇంటూ నొక్కితే వద్దన్నట్ల!" అని నా బొటనవేలి మీద ఒక్కటి వేసేది.

ఆఖరి కోట గుమ్మం దాకా వచ్చాం. ఈలోగా ఆమెకు ఒసాకాలో ఉద్యోగం వచ్చింది. ఒకరు లేకుండా ఒకరం ముగింపు చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాం. కన్సోల్ ఆమెతోనే వెళ్లింది. ఫోన్లు మొదట్లో రోజూ ఉండేవి, తర్వాత పండగలకి మిగిలాయి.

ఈమధ్య అదే గేము ఇంగ్లిష్‌లో, కొత్త కన్సోల్‌కి వచ్చింది. కొన్నాను. అంతా తళతళలాడుతోంది. రాక్షసరాజు దొరల ఇంగ్లిష్‌లో మర్యాదగా మాట్లాడుతుంటే వీడెవడో పరాయివాడనిపించింది. పైగా మీటలు తిరగబడ్డాయి. ఇందులో ఇంటూ అంటే సరే, గుండ్రం అంటే వద్దు. నా వేలేమో గుండ్రం మీదకే పోయి, నన్ను వచ్చిన దారినే వెనక్కి పంపేది. ఎలాగో ఆ గుమ్మం దగ్గరికి చేరి ఆపేశాను. ఆమె లేకుండా లోపలికి వెళ్లాలనిపించలేదు. ఫోన్ చేశాను.

"అయ్యో, నేనెప్పుడో ముగించేస్తిని మే," అంది. "ఈడికొచ్చిన కొత్తల్లో తోడెవురూ లేక ఆడేస్తిని. నీకు చెప్పేకి మనసు రాల్య."

కోపమొచ్చింది. అంతకన్నా ఎక్కువగా ఆమె పక్కన కూర్చోవాలనిపించింది.

"సరే, ముగింపు నువ్వే చెప్పు. మన రాక్షసరాజు మాట్లాడినట్టే చెప్పాలి," అన్నాను.

"వాడెట్ల మాట్లాడ్తాండెనో మర్చిపోయినా మే. ఈడ తెలుగు మాట్లాడేకి ఎవురుండారు?"

నేను ఒక్క మాటా మర్చిపోలేదు. గొంతు సవరించుకుని, నా గోదావరి నోటితోనే మొదలుపెట్టాను. "ఏంరా, నా కోట కాడికే వస్తాండావా?"

అవతల నవ్వో ఏడుపో తెలియలేదు.

"ఇంగొకసారి అను మే," అంది.