ఇప్పపువ్వు మందు

ఎమ్మెస్సీ చదివే ఆ రోజుల్లో నాకు ఏ పువ్వు కనబడినా అందులో ఒక మందు దాగి ఉన్నట్టే తోచేది. మల్లెపూలు జడలో పెట్టుకోవడం మానేసి, వీటి రసం ఏ క్రిమిని చంపుతుందా అని ఆలోచిస్తూ కూర్చునేదాన్ని. (ఇంట్లో నా పెళ్లి మాటలు వాయిదా పడడానికి ఇదీ ఒక కారణమేమో!) పూల రసాలకు సూక్ష్మజీవులను చంపే గుణం ఉందా అన్నదే నా ప్రాజెక్టు. తోటివాళ్లంతా బంతి, మందారం ఎంచుకుంటే, నలుగురిలో ఒకరిగా ఉండడం ఇష్టంలేక నేను ఇప్పపువ్వును పట్టుకున్నాను. భద్రాచలంలో ఉన్న మా మేనత్త సంచి నిండా పూలు కట్టి బస్సులో పంపింది. ఖమ్మంలోని హాస్టల్ గదిలో వాటిని గాజు సీసాలో నీళ్లుపోసి నానబెట్టి, కొంత రసం వడకట్టి కాలేజీ ల్యాబుకు తీసుకెళ్లాను. క్రిములను పెంచే పళ్లేలలో చిన్న గుంటలు చేసి, ఆ రసం పోసి, వెచ్చటి పెట్టెలో ఉంచి వచ్చాను. రసం పనిచేస్తే గుంట చుట్టూ క్రిములు చచ్చి, పళ్లెం తేటగా మిగలాలి. మిగిలిన రసాన్ని సీసాలోనే గట్టిగా మూతబిగించి కిటికీ పక్కన పెట్టాను.

అసలే ఏప్రిల్. మర్నాడు మధ్యాహ్నం కునుకు పడుతుండగా ‘ఢాం’ అని చప్పుడైంది. సీసా మూత ఎగిరి ఫ్యానుకు తగిలింది. నా రూమ్మేటు "బాంబు! బాంబు!" అంటూ దుప్పటితో సహా వరండాలోకి ఉరికింది. ఆమె వెనకాలే వాసన కూడా వెళ్లింది. పులిసిన ఇప్పపువ్వుదంటే సారా వాసనేనని మా ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. క్షణాల్లో వార్డెన్ మేడం (చాటుగా మేమంతా సీసీ కెమెరా అనేవాళ్లం) గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"ఏందే గీ వాసన? సీసాల ఏమున్నది?"

భయంలో నా నోటికి నిజం తప్ప ఇంకేమీ రాలేదు. "మందు, మేడం. నేనే తయారు చేస్తున్న."

ఆమె గోడకు చేరగిలబడింది. "ఆడపిల్లల హాస్టల్ల మందు కాస్తున్నవా!"

"ఆ మందు కాదు మేడం, ఒంట్లో క్రిములను చంపే మందు!"

"తాగెటోళ్లందరు గట్లనే అంటరు," అంటూ ఆమె కొత్తగూడెంలోని మా నాయినకు ఫోన్ కలిపింది. "మీ బిడ్డ రూంల మందు పెట్టింది. జల్దీ వచ్చి సామాను తీస్కపోండ్రి." చదువు అక్కడితో అయిపోయిందనుకున్నాను. ట్రంకుపెట్టె తెరిచి బట్టలు సర్దసాగాను.

జన్మలో చుక్క ముట్టని మనిషి మా నాయిన. బొగ్గుబాయిలో షిఫ్టు దిగి నేరుగా బస్సెక్కినట్టున్నాడు, కళ్ల చుట్టూ మసి అలాగే ఉంది. తిడతాడనుకున్నాను. దగ్గరికి వచ్చి, వంగి, నా నోటి వాసన చూశాడు. సీసా పేలినప్పుడు కూడా నా గుండె అంతగా జారలేదు. "నమ్మకపోతే ల్యాబుకు రాండ్రి, మీ కండ్లతోనే చూడుండ్రి," అని అందరినీ బయల్దేరదీశాను.

ల్యాబులో మా గైడు సారు పెట్టెలోంచి పళ్లేలు తీసి బల్లమీద పెట్టారు. నేను కళ్లు నులుముకుని చూశాను. క్రిములు చావలేదు సరికదా, మా ఇప్పపువ్వు రసం చుట్టూనే దట్టంగా, నిగనిగలాడుతూ, పెళ్లివిందుకు వచ్చిన చుట్టాల్లా గుంపులు కట్టి ఉన్నాయి. సారు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "ఈ పువ్వులో చక్కెర ఎక్కువ కదమ్మా..." అని గొణిగారు.

నాయిన పళ్లెం మీదికి వంగి చాలాసేపు చూశాడు. "మందు సంగతేమో గానీ బిడ్డా, పురుగులు మాత్రం మంచిగ బలిసినయ్."

వార్డెన్ మేడం నన్నూ పళ్లేన్నీ మార్చి మార్చి చూసి తీర్పు చెప్పింది. "సారా కాసెటోళ్లకు జరంత తెలివన్న ఉంటది. ఈ పిల్లతోని గా పని గాదు. ఉండనియ్యుండ్రి హాస్టల్లనే."

అంత ఘోరమైన మాటతో నా చదువు నిలబడింది. నాయినను బస్సెక్కించడానికి వెళితే, కిటికీలోంచి తల బయటపెట్టి, "గా పువ్వు తిని పురుగులే గంత బలిసినయ్. నువ్వు సుత జర తినరాదా బిడ్డా, మస్తు బక్కగైనవ్," అన్నాడు. నేను మూతి ముడుచుకుని నిలబడ్డాను. బస్సు కదిలేదాకా ఆయన నా ముఖంలోకే చూస్తున్నాడు. ఇప్పుడు ఒక దవాఖానా ల్యాబులో రోజూ అలాంటి పళ్లేలే చూస్తుంటాను. అప్పుడప్పుడు ఆనాడు బస్టాండులో మూతి ముడుచుకుని నిలబడ్డ ఆ పిల్ల దగ్గరికి వెళ్లి, "పిచ్చిదానా, ఒక్కసారి నవ్వవే, ఆయన నిన్ను నవ్వించాలనే ఆ మాటన్నాడు," అని చెప్పి రావాలనిపిస్తుంది.