పేరడగకుండా ఇచ్చిన పిల్ల

చదువుకని దేశం దాటిన మిమ్మల్ని తలచుకుంటే నాకు ఒక జర్మనీ అమ్మాయి గుర్తొస్తుంది. మా దగ్గరికి కాలువ నీళ్లు కొత్తగా వచ్చిన రోజుల్లో ఇక్కడ చదువుకోవడానికి వచ్చింది.

రాయచూరులో ఎక్కిన బస్సు కిక్కిరిసి ఉంది. నా చంకలో ఏడు నెలల మీ అమ్మ. సీట్లో కూర్చున్న ఆ అమ్మాయి ఒళ్లో పిల్లను పెట్టి, నేను జనంలో వెనక్కి జరిగాను. సీటున్నవాళ్లకు పిల్లనివ్వడం మాకు మామూలే.

మాన్విలో ఆగి బస్సు కదిలింది. చూస్తే ఆ సీట్లో ఎవరో ముసలాయన! ఒళ్లో పిల్ల లేదు.

"ఏందమ్మా, గా దొరసాని నీ పిల్లనెత్తుకొని దిగిపాయె గదా!" అంది పక్కనున్న అవ్వ.

బస్సు ఆపించి దూకాను. నాలాగే ఎర్రచీర కట్టుకున్న ఒకామెను నేననుకొని వెంట పరుగెడుతూ, "మీ పిల్ల! మీ పిల్ల!" అని ఆ అమ్మాయి వచ్చీరాని కన్నడంలో అరుస్తోంది.

నన్ను చూసి ఏడ్చేసింది. "పేరైనా అడగకుండా నాకెలా ఇచ్చారు?"

"నీకు సీటుండె గదమ్మా!" అన్నాను.

మళ్లీ ఎక్కితే ఈసారి సీటు నాకు దొరికింది. తను నిలబడింది. కాసేపటికి, ఏమీ అడగకుండా, తన పుస్తకాల సంచీ నా ఒళ్లో పెట్టింది.